రాజుగారి గట్టింగ్

ఆదినారాయణరాజుగారికి లోకంలో ఒకే ఒక్కటి గిట్టదు. వదులు.

మంచం కుక్కి పడితే ఆయనకి నిద్ర పట్టదు. గేటు గొలుసు, పంచె ముడి, ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ, ఏది కనపడినా ముందు వేలితో ఒకసారి లాగి చూడాల్సిందే. చుట్టాలింటికి వెళ్ళినా అంతే. "ఒక్క నిమిషం లేవండి" అని మంచమ్మీద కూర్చున్న పెద్దవాళ్ళని కూడా లేపి, కాళ్ళవైపు తాడు విప్పి, పట్టెకి కాలు తన్నిపెట్టి బిగించి మరీ వచ్చే మనిషి. వాళ్ళు సంతోషించారో లేదో ఆయన ఏనాడూ అడగలేదు.

భీమవరం పక్కనే ఊరు. రొయ్యల చెరువులు. చెరువు మీద కాకులూ కొంగలూ వాలకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా నైలాన్ దారాలు కడతారు కదా, అవి ఎవరి చెరువు మీదైనా నాలుగు రోజులకి జారి నీళ్ళ మీదికి వేలాడతాయి. రాజుగారి చెరువు మీద మాత్రం వేలు పెట్టి మీటితే మోగాలి. కాపలా ఉండే సామ్యేలు పొద్దున్నే గట్టంతా తిరిగి మీటుకుంటూ రావాలి. "ఆయ్, మోగుతున్నాయండి" అని ఫోన్లో చెప్తే గాని ఈయన కాఫీ ముట్టరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన గొడవ మీకు గొడవలాగే అనిపించదు. వాళ్ళ ఇళ్ళల్లో మర్యాద ఎక్కువ. అంటే మామూలు ఎక్కువ కాదు. ఉయ్యాల్లో పసివాణ్ణి కూడా "పాలు తాగారా అండీ" అని పలకరిస్తారు. మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకున్నా మీరూ అండీలతోనే. చిన్నప్పుడు ఈయన జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే వాళ్ళమ్మగారు ఏడుస్తూ "మీకసలు బుద్ధుందా అండీ" అన్నారు. అంతే తప్ప ఒరేయ్ అనలేదు.

అలా పెరిగిన కుర్రాడు తొమ్మిదో తరగతికి భీమవరం వచ్చి హైస్కూల్లో చేరాడు. మొదటి రోజే, కోనసీమ నుంచి వచ్చిన ఓ బక్కపల్చటి అబ్బాయి బెంచీ దగ్గర నిలబడి, "ఒరేయ్, కాస్త జరగరా" అన్నాడు. ఎవరితో అంటున్నాడా అని ఆదినారాయణరాజు వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది.

ఆ అబ్బాయే మణిశంకర్. ఇప్పుడు లెక్కల లెక్చరరుగా రిటైరై, చెవుల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు మిగుల్చుకుని ఉన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రాజుగారిని ఒరేయ్ అన్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కరే. చెరువు దగ్గరా, ఐసు ఫ్యాక్టరీలో, మేత డీలరు దగ్గరా రాజుగారు ఏం మాట్లాడినా "ఆయ్, అంతేనండి" అంటారు. తప్పు మాట్లాడినా అంతేనండి. క్లబ్బులో టెన్నిస్ కోర్టు మీద మాత్రం పొద్దున ఆరింటికల్లా "ఒరేయ్ ఆదీ, కళ్ళెక్కడ పెట్టుకున్నావురా? అవుటుకి పోయే బంతిని కొడతావేంట్రా వెధవా!" అని ఒక గొంతు లేస్తుంది. ముప్పయ్యేళ్ళుగా ఇద్దరూ డబుల్స్ జోడీ. బాగా తిట్లు తిన్న రోజు రాజుగారు ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు ఎక్కువ తింటారు.

ఇక రాకెట్టు దగ్గరికి వద్దాం. రాకెట్టుకి తీగలు వేయించడాన్ని మనవాళ్ళు గట్టింగ్ అంటారు. ఆ తీగల్లో నైలాన్‌ది మెత్తన. బంతి వచ్చి తగిలితే కాస్త లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి, అప్పుడు పంపిస్తుంది. చేతికి దెబ్బ తెలియదు. దాని అవలక్షణాలు దానికీ ఉన్నాయి. నాలుగు దెబ్బలు కొట్టేసరికి తీగలు పక్కకి జరుగుతాయి, పీచు లేస్తుంది, మన గోదావరి ఉక్కకి బిగువు సడలిపోతుంది. పాలియెస్టర్‌ది బిరుసు. బంతిని లోపలికి పిలిచే ప్రసక్తే లేదు, గుమ్మంలోంచే తరిమేస్తుంది. టీవీలో ఆడే కుర్రాళ్ళు, ఒంట్లో బలం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్ళు, వాడేది ఇదే.

రాజుగారు ఏది ఏరుకుని ఉంటారో వేరే చెప్పాలా?

"ప్రకాశంగారూ, మీ మిషను ఎంతదాకా లాగుతుందండీ?" అని అడిగారు ఆటల సామాన్ల కొట్టు జ్ఞానప్రకాశాన్ని.

"అరవై రెండు పౌన్లు పెట్టొచ్చండి."

"అయితే అంతా పెట్టేయండి."

"ఆయ్" అన్నాడు జ్ఞానప్రకాశం. అతనికి ఎదురు చెప్పే అలవాటు లేదు. రాకెట్టుకి ముళ్ళకంచె వేయమన్నా, "ఆయ్, ఏ సైజండి?" అనే రకం.

మణిశంకర్ మాస్టారిది తెల్ల నైలాన్. పీచు లేచి, జరిగిపోయి ఉండేది. ప్రతి పాయింటుకీ మధ్య ఆయన రాకెట్టు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పేలు చూస్తున్నట్టు ఒక్కో తీగనీ వేళ్ళతో సర్దుకునేవారు.

"ఒరేయ్ మణీ, నువ్వు ఆడేది రాకెట్టుతోనా, చేపల వలతోనా?" అనేవారు రాజుగారు.

"నీది రాకెట్టు కాదురా, జైలు కిటికీ" అనేవారు మాస్టారు.

ఆ జైలు కిటికీ చివరికి రాజుగారి మోచేతిని పట్టుకుంది. మొదట నొప్పి. తర్వాత సలుపు. ఆ తర్వాత కాఫీ గ్లాసు ఎత్తితే చెయ్యి వణకడం. ఒక రోజు ఇంటికొచ్చిన వియ్యంకుడికి రొయ్యల ఇగురు స్వయంగా వడ్డించబోయి, గరిటె చేతిలోంచి జారి, ఇగురంతా ఆయన తెల్లచొక్కా మీద బోర్లించారు. ఆయనేమో "పర్లేదండి, రుచి బాగుందండి" అన్నారు. అవతలా మర్యాద ఎక్కువే మరి.

రాజుగారి భార్య సూర్యావతిగారు ఆ చొక్కా నానబెట్టి, మర్నాడే ఈయన్ని ఎముకల డాక్టరు శ్రీసుధ దగ్గరికి లాక్కెళ్ళారు. ఆ అమ్మాయి మోచెయ్యి నొక్కింది, రాజుగారు అయ్యబాబోయ్ అన్నారు. రాకెట్టు తెప్పించి చూసింది. వేలితో తీగ నొక్కి, ఈసారి ఆ అమ్మాయి అయ్యబాబోయ్ అంది.

"ఇదేంటండీ, ఇంత గట్టిగా ఉంది! నేనూ కాలేజీలో ఆడేదాన్ని. ఈ వయసులో ఈ తీగతో ఆడితే దెబ్బంతా చేతికే కదండీ. మూడు వారాలు రెస్టివ్వండి. తర్వాత నైలాన్ వేయించి, వదులుగా పెట్టుకుని ఆడండి. కాదంటే ఆట మానేయండి. ఇలాగే ఆడితే మాత్రం ఇక గరిటె కాదు, పెన్ను కూడా పట్టుకోలేరు."

నైలాన్. పైగా వదులు. డాక్టరమ్మ రెండు తిట్లు ఒక్క ఊపిరిలో తిట్టినట్టయింది రాజుగారికి.

మూడు వారాలూ కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని గడిపారు. ఆయన చోట్లో మాస్టారికి జోడీగా కొత్త బ్యాంకు మేనేజరు వీరవెంకటసత్యనారాయణ దిగాడు. నలభై ఏళ్ళవాడు. చురుకు. మాటకి ముందొక సారు, వెనకొక సారు. వాళ్ళు వరసగా నెగ్గుతుంటే చూసి చప్పట్లు కొట్టాల్సి రావడం ఒక నరకం. ఎడంచేత్తో కొట్టాల్సి రావడం ఇంకోటి.

గడువు అయిన రోజు మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చి, అందరి ముందూ, "ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నదే కదరా ఆ డాక్టరమ్మ చెప్పింది! రేపే నైలాన్ వేయించేసెయ్, ఎల్లుండి దిగుదువుగాని" అన్నారు.

ఆ "అందరి ముందూ" అన్నదే కొంప ముంచింది. మేనేజరు చూస్తున్నాడు. క్యాంటీన్ మాణిక్యాంబ పిండి కలపడం ఆపి మరీ చూస్తోంది. రాజుగారు మీసం సవరించుకుని, మాస్టారి వైపు చూడకుండా మేనేజరుతో అన్నారు: "నైలాన్ మా చెరువు మీద కాకులకి కడతామండి. దాంతో ఆడేవాడూ కాకీ ఒకటేనండి. ముప్పయ్యేళ్ళు నా భుజబలం మీద నెగ్గుకొచ్చినవాళ్ళు కూడా నాకు చెప్పేవాళ్ళయ్యేరు."

మాస్టారి చేతిలో ఆ పీచు లేచిన తెల్ల నైలాన్ రాకెట్టు ఉంది. ఆయన దాన్ని ఒకసారి చూసుకున్నారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"సరేనండి రాజుగారూ. మీ ఇష్టమండి" అన్నారు.

అంతే. కేకలు లేవు, రుసరుసలు లేవు. మర్నాడు రాజుగారు వెళ్తే "రండి రాజుగారూ, ఇటు ఎండ పడుతుందేమో, అటు కూర్చోండి" అన్నారు. ఆ మర్నాడు "చెయ్యి ఎలా ఉందండీ?" అన్నారు. ఊరంతా రోజూ అనే మాటలే. ఆ నోట్లోంచి వస్తుంటే ఒక్కో అండీ చెంప మీద కొట్టినట్టుంది రాజుగారికి.

ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని కంచం వైపు చూస్తూ ఉండిపోయారు.

"ఏమైందండీ?" అన్నారు సూర్యావతిగారు.

"అండీ అన్నాడండి."

"ఎవరండీ?"

"మణి. నన్ను. రాజుగారండీ అన్నాడండి."

సూర్యావతిగారికి నవ్వొచ్చింది. నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయారు. అరవై ఏళ్ళ మనిషి, పదహారు చెరువుల ఆసామి, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని ఉన్నారు. "ఇంక నన్ను తిట్టేవాడు ఎవడున్నాడండీ?" అన్నారు.

"నైలాన్ వేయించుకోండి, తప్పయిందని చెప్పండి. రెండూ ఒక్క పూటలో అయిపోతాయి కదండీ" అన్నారావిడ.

తెలివైన మాట. తెలివైన మాట కాబట్టి రాజుగారు సగమే విన్నారు. కొట్టుకెళ్ళి, నలుగురిలో నిలబడి, నోరు తెరిచి నైలాన్ అని అడగడమా? ఎందుకూ? నైలానే కదా కావలసింది, తన చెరువుల మీద లేకనా?

సాయంత్రం వరండాలో సామ్యేలూ, కాకుల దారం చుట్టా, నులక మంచం సిద్ధమయ్యాయి. జైలు కిటికీ కోసి పారేశారు. రాకెట్టుని మంచం పట్టెకి తాళ్ళతో కట్టేసి, దారాన్ని రెండు పేటలు చేసి, కన్నాల్లోంచి దూర్చి, పట్టెకి కాలు తన్నిపెట్టి రాజుగారు ఎడంచేత్తో లాగడం మొదలెట్టారు.

"ఇంకా లాగండి సామ్యేలూ!"

"ఆయ్, ఇంక లాగితే మంచం లేచొచ్చేస్తదండి!"

"మీరు లాగండి, మంచం సంగతి నేను చూసుకుంటాను!"

చివరి ముడి పడ్డాక రాజుగారు వేలితో మీటారు. మోగింది. సామ్యేలు కూడా మీటి, "ఆయ్, మోగుతుందండి" అని అలవాటుగా ధ్రువీకరించాడు. సూర్యావతిగారు గుమ్మంలో నిలబడి అంతా చూసి లోపలికెళ్ళిపోయారు.

కాకుల దారానికి ఒక గుణముంది. అది సాగుతుంది. చెరువు మీద సాగితే సామ్యేలు మళ్ళీ బిగిస్తాడు. రాకెట్టులో సాగితే బిగించేవాడెవడు? రాత్రంతా మంచులో కారు డిక్కీలో పడుకున్న ఆ రాకెట్టుని పట్టుకుని రాజుగారు పొద్దున్నే కోర్టులో దిగి, "నైలాన్ వేయించానండీ!" అని అందరికీ చాటారు. అవతలి వైపు మాస్టారూ మేనేజరూ ఉన్నారు.

మేనేజరు మెత్తగా ఒక బంతి వేశాడు. రాజుగారు కొట్టారు. బంతి దారాల్లోకి దిగబడి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, నిట్టనిలువుగా పైకి లేచింది. లేచి, కంచె దాటి, క్యాంటీన్ రేకుల కప్పు దాటి, మాణిక్యాంబ పుణుకుల పిండిలో పడింది.

"అయ్యో అయ్యో! నా పిండంతా పోయిందండీ!"

రెండో బంతి రాజుగారి కాళ్ళ దగ్గరే పడి చచ్చింది. మూడోదానికి ఆయనకి రోషం వచ్చింది. బలమంతా పెట్టి కొట్టేసరికి దారాలు పటపటా తెగి, బంతి సగం ఇటూ సగం అటూగా రాకెట్లో ఇరుక్కుపోయింది. కోర్టంతా నవ్వులు. మేనేజరు నెట్టు పట్టుకుని మరీ నవ్వుతున్నాడు. మాణిక్యాంబ పిండి సంగతి మర్చిపోయి నవ్వుతోంది.

నవ్వనిది ఒక్క మాస్టారే. ఆయన నెట్టు చుట్టూ తిరిగి వచ్చి, రాకెట్టు అందుకుని, బంతిని పీకి, రెండు చేతులతో రాజుగారికి అందించారు.

"జాగ్రత్తండి రాజుగారూ. చేతికేం తగల్లేదు కదండీ?"

ఇదే నెల క్రితమైతే దున్నపోతు దగ్గర మొదలెట్టి తాతల దాకా వెళ్ళేవారు. రాజుగారికి అక్కడే, ఆ నవ్వుల మధ్యే తెలిసిపోయింది, తను పోగొట్టుకున్నది ఆట కాదని. క్లబ్బు నుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళారు.

"ఆయ్ రాజుగారూ, మామూలేనాండి? అరవై రెండేనా?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"కాదండి."

"అంతకంటే మిషను లాగదండి."

"లాగొద్దండి. నైలాన్ వేయండి. యాభైకి."

జ్ఞానప్రకాశానికి మొదటిసారి ఆయ్ రాలేదు. "ఎలాగండీ?" అన్నాడు.

"వదులుగా వేయండీ!" అని అరిచారు రాజుగారు. కొట్లో క్రికెట్ బంతులు కొంటున్నవాళ్ళంతా తిరిగి చూశారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరినీ కోరి ఎరగరు. చెమట పట్టింది.

మర్నాడు మాస్టారి ముందు నిలబడి, తెల్ల తీగల రాకెట్టు చూపించి, "ఆ రోజు నేనన్నది తప్పు. కాకి కూత" అన్నారు. మాస్టారు తీగల మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూశారు. ఆయన మొహంలో ఏదో కదిలింది గాని, "పర్లేదండి. రండి, ఆడదామండి" అన్నారు. తప్పు ఒప్పుకున్నా అండీ పోలేదు. నలభై అయిదేళ్ళ ఒరేయ్‌ని కాకితో పోల్చి తోలేస్తే, పిలవగానే వచ్చి వాలుతుందా?

జోడీగా నిలబడ్డారు. అవతల మేనేజరూ, క్లబ్బు సెక్రటరీ.

మొదట్లో రాజుగారు పాత జైలు కిటికీ లెక్కలోనే బాదారు. వదులు తీగ ఊరుకుంటుందా, బంతిని ఎక్కడికో పంపేసింది. ఒకటి అవుటు. రెండోదీ అవుటు. రాజుగారు ఆశగా పక్కకి చూశారు. "పర్లేదండి, అలవాటవుతుందండి" అన్నారు మాస్టారు.

మూడో గేములో చేతికి సంగతి తెలిసింది. సగం బలం చాలు. బంతి వచ్చి తీగల్లో ఒక్క లిప్త కూర్చుంటోంది, ఎక్కడికి వెళ్ళమంటారని అడుగుతున్నట్టుంది. ఠంగుమని మోచేతికి తగిలే ఆ దెబ్బ లేదు. టప్, అంతే. నెట్టు పక్కన వేస్తే నెట్టు పక్కనే పడుతోంది. ఇదేంటి, ఇన్నేళ్ళూ నేను బంతితో మాట్లాడకుండానే ఆడేనా అనిపించింది రాజుగారికి. పాయింటు అవగానే చూసుకుంటే తీగలు పక్కకి జరిగి ఉన్నాయి. వేళ్ళతో సర్దుకోవడం మొదలెట్టారు. పక్కనే మాస్టారూ సర్దుకుంటున్నారు. ఇద్దరు ముసలాళ్ళు పక్కపక్కన నిలబడి పేలు చూసుకుంటున్నారని మాణిక్యాంబ నవ్వింది.

"మంచి షాటండి" అన్నారు మాస్టారు.

చూడండి రాజుగారి ఖర్మ. చెడ్డగా ఆడితే ఓదార్పు, బాగా ఆడితే మెప్పు. ఎటు ఆడినా అండీయే.

ఆట అయిదు-అయిదు దాకా వచ్చింది, వీళ్ళకి ఆరు, వాళ్ళకి అయిదు అయింది. ఆ తర్వాతి గేములోనూ ఇంకొక్క పాయింటు వస్తే నెగ్గినట్టే. మేనేజరు కొట్టిన బంతి బలం లేకుండా, నెమ్మదిగా, మాస్టారి కుడిచేతి వైపుకి వచ్చింది. ఆయన రాకెట్టు ఎత్తి సిద్ధంగా ఉన్నారు. నిద్రలో కూడా కొట్టగలిగే బంతి. సరిగ్గా అప్పుడు రాజుగారు రంకె వేసుకుంటూ మధ్యలో దూరారు. రెండు రాకెట్లూ ఫట్‌మని గుద్దుకున్నాయి, బంతి నెట్టుకి కొట్టుకుని కింద పడింది.

"ఒరేయ్ దున్నపోతా!" కోర్టు అదిరిపోయింది. "నాది కదరా ఆ బంతి! మధ్యలో దూరకురా, దూరకురా అని ముప్పయ్యేళ్ళుగా చెప్తుంటే బుర్రలోకి ఎక్కదేంట్రా నీకు? గెలిచే ఆట! చేతులారా తగలేశావు కదరా వెధవా!"

అని, మాస్టారు ఠక్కున నోరు మూసుకున్నారు. రాజుగారు కదలకుండా నిలబడ్డారు. కళ్ళ నిండా నీళ్ళు, మీసం కింద నవ్వు.

"మళ్ళీ అనరా" అన్నారు.

"ఏంటి మళ్ళీ అనేది?"

"ఆ దున్నపోతు. ఇంకోసారి అనరా మణీ."

"పోరా, నీ మొహం" అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. తర్వాత ఆట ఓడిపోయారు. ఓడిన జోడీ అంత ఆనందంగా పుణుకులు తినడం మాణిక్యాంబ ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం రాజుగారు కుడిచేత్తో గరిటె పట్టుకుని సూర్యావతిగారికి తనే వడ్డించారు. చుక్క కింద పడలేదు.

"ఆయన బంతి అని తెలిసే కావాలని దూరారు కదండీ?" అన్నారావిడ.

"ఛఛ! అలవాటండి. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అన్నారు రాజుగారు. ఆవిడ నమ్మలేదు. నేనూ నమ్మను.

సాయంత్రం ఈయన వరండాలో మంచం తాడు బిగిస్తుండగా ఫోను మోగింది. అటువైపు మాస్టారు. "ఒరేయ్ ఆదీ, రేపు ఆరింటికల్లా వచ్చి ఏడు. ఆలస్యమైతే చంపేస్తాను వెధవా."

రాజుగారు చప్పున స్పీకరు నొక్కి, ఫోను ఇంట్లోకి తీసుకెళ్ళి సూర్యావతిగారి చెవి దగ్గర పెట్టి, గట్టిగా అన్నారు: "వినపడలేదురా. ఇంకోసారి చెప్పు."